పద్దెనిమిది వందల నుంచి ముప్పయ్యో ఎత్తు దాకా

మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. పొలిమేర దాటితే ఆంధ్రాలోని పాతపట్నం వచ్చేస్తుంది. నేను ఇక్కడ మందుల దుకాణం నడుపుతున్నాను. పొద్దున తొమ్మిదికి తలుపు తీస్తే రాత్రి తొమ్మిది దాటాకే వేస్తాను. చదరంగం చిన్నప్పటి నుంచి వచ్చినా రేటింగ్ టోర్నమెంట్లలో ఆడడం ముప్పయ్యయిదేళ్లు దాటాకే మొదలుపెట్టాను. 2019లో నాకు మొదటి ఫిడే రేటింగ్, అంటే ప్రపంచ చదరంగ సమాఖ్య ఆట బలానికి ఇచ్చే అంకె, వచ్చింది. నలభై అయిదేళ్లు నిండేలోగా 1800 చేరాలని ఆ రోజే ఒక కాగితం మీద రాసి, దుకాణంలో గల్లాపెట్టె పక్కన అంటించాను. ఇప్పుడు నాకు నలభై మూడు. ఆ కాగితాన్ని ఈ మధ్యే తీసేశాను. దాని చోట వేరే కాగితం ఎలా వచ్చిందో రాయాలనిపించింది.

2024 ఫిబ్రవరిలో నా రేటింగ్ 1486. మార్చి 1న ఫిడే కింది రేటింగులన్నిటినీ సవరించింది. 2000 కంటే తక్కువ ఉన్న ప్రతి ఆటగాడికీ, 2000కు అతను ఎంత దూరంలో ఉన్నాడో అందులో నలభై శాతం కలిపింది. నేను 514 పాయింట్ల దూరంలో ఉన్నాను కాబట్టి నాకు 206 కలిసి, ఒక్క ఆటా ఆడకుండానే 1692 అయ్యాను. ఇంకో నూట ఎనిమిది వస్తే చాలని అప్పుడు ఎంతో సంతోషపడ్డాను. నాతో పాటు అందరి అంకెలూ పెరిగాయనీ, నా ఆట మాత్రం నిన్నటి ఆటేననీ మనసుకు ఎక్కడానికి చాలా నెలలు పట్టింది.

ఆ తర్వాత ఏడాదిన్నరలో 1634కు దిగాను. దీనికి కొంత లెక్క కారణం. ఒక్క ఆటతో రేటింగ్ ఎంత కదలగలదో తేల్చే కె అనే గుణకం నా వంటి పెద్దవాళ్లకు 20, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు 40. 1692 ఉన్న నేను 1500 ఉన్న పిల్లవాణ్ణి గెలిస్తే నాకు వచ్చేది 5 పాయింట్లు, ఓడితే పోయేది 15, డ్రా చేసుకున్నా 5 పోతాయి. ఆ పిల్లవాడు రోజూ నాలుగైదు గంటలు సాధన చేస్తుంటాడు. అతని అసలు బలం కాగితం మీది 1500 కంటే ఎంతో ముందుంటుంది. మా వైపు నుంచి టోర్నమెంటుకు వెళ్లాలంటే పలాస దాకా బస్సులో పోయి, అక్కడ రైలెక్కి విశాఖపట్నమో భువనేశ్వరో చేరాలి. తొమ్మిది రౌండ్లంటే నాలుగైదు రోజులు దుకాణం బాధ్యత మా తమ్ముడికి అప్పగించాలి. అందుకే ఏడాదికి నాలుగు టోర్నమెంట్లు, అంటే ముప్పయ్యారు ఆటలకు మించి నాకు కుదరదు. అన్ని తక్కువ ఆటల్లో ఒక్క టోర్నమెంటులో ముగ్గురు పిల్లల చేతిలో ఓడితే నలభై అయిదు పాయింట్లు పోతాయి. ఏడాదంతా బాగా ఆడినా అంకె ఆ సంగతి చెప్పదు.

విశాఖలో ఒక టోర్నమెంటులో వరసగా నాలుగు ఆటలు ఓడి తిరిగి వచ్చాక ఇక మానేద్దామన్న ఆలోచన గట్టిగానే వచ్చింది. మాకు చిన్నప్పుడు ఆట నేర్పిన లెక్కల మాస్టారు రాజుగారి కోట వైపు ఉంటారు. ఆ ఆదివారం ఆయన దగ్గరకు వెళ్లి, 1800 నా వల్ల కాదేమోనని చెప్పుకున్నాను. ఆయన ఓదార్చలేదు. "స్కోరు షీట్లు దాచావా?" అని అడిగారు. ఆటలో ఎత్తులు రాసుకునే కాగితాలవి. దాచానన్నాను. "అయితే అన్నీ పట్టుకురా నాయనా. వీటిలో నువ్వు ఆడిన ఎత్తులేవో, గడియారం నీచేత ఆడించిన ఎత్తులేవో వేరు చేద్దాం" అన్నారు.

2024 మార్చి తర్వాత ఆడిన నలభై ఆరు ఆటల కాగితాలను మూడు ఆదివారాలు వరండాలో చాప మీద పరుచుకుని కూర్చున్నాం. కంప్యూటరును ఆయన మొదట ముట్టుకోనివ్వలేదు. ఓడిన ప్రతి ఆటనూ బల్ల మీద పావులతో నడిపించి, నా చేయి ఎక్కడ జారిందో నన్నే చెప్పమన్నారు. స్టాక్‌ఫిష్ అనే చదరంగం ప్రోగ్రాముతో సరిచూడడం ఆ తర్వాతే. గడియారంలో ఎంత మిగిలిందో చాలా కాగితాల మీద నేను రాసుకోలేదు కానీ దస్తూరీ దాన్ని దాచలేకపోయింది. మొదటి ఇరవై ఎత్తులూ ముత్యాల్లా ఉంటాయి. ఇరవై అయిదు దాటేసరికి అక్షరాలు వాలిపోతాయి, ముప్పై దగ్గర కోడిగీతలు. ఎత్తుకు ముప్పై సెకన్లు కలిసే ఆటలో చివరి దాకా రాయక తప్పదు కాబట్టి నా తొందర అంతా ఆ కాగితాల మీద అచ్చుపడినట్టు ఉంది.

నలభై ఆరు ఆటల్లో పదహారు గెలిచాను, తొమ్మిది డ్రా, ఇరవై ఒకటి ఓటమి. ఆ ఇరవై ఒకటిలో ఆట మొదటి ఎత్తులైన ఓపెనింగ్‌లో దెబ్బతిన్నవి మూడే. ఇరవై అయిదో ఎత్తు లోపు పోయినవి అయిదు. తక్కిన పదమూడూ ఆ తర్వాత చేజారాయి, వాటిలో ఆరు ఏనుగుల ముగింపులు, అంటే చివరికి రాజులు, ఏనుగులు, బంట్లు మాత్రమే మిగిలిన ఆటలు. ఏనుగును మేం ఆడేటప్పుడు రూక్ అనే అంటాం. ఈ అంకెలు చూసి నాకు నిజంగా బాధ కలిగింది. ఎందుకంటే రెండేళ్లుగా నాకు దొరికిన సమయంలో సగానికి పైగా ఓపెనింగ్ పద్ధతుల్లో ఒకటైన సిసిలియన్‌లో నజ్‌డార్ఫ్ పద్ధతి కంఠస్థం చేయడానికే పోయింది. నొప్పి ఒక చోట ఉంటే మందు ఇంకో చోట రాస్తున్నాను. మందుల దుకాణం వాడినై ఉండి ఆ తప్పు చేశానన్నది నన్ను ఇప్పటికీ నొప్పిస్తుంది.

కొత్త గురి పెట్టుకునేటప్పుడు మాస్టారు ఒక్క షరతు పెట్టారు. ఎదుటివాడు ఎలా ఆడినా, గురి తప్పిందో తగిలిందో ఆట అయిన వెంటనే నా కాగితం చూసి నేనే చెప్పగలగాలి. అలా మొదటిది కుదిరింది: ముప్పయ్యో ఎత్తు ఆడేసరికి గడియారంలో ఇరవై నిమిషాలు తగ్గకుండా ఉండాలి. మా ఆటల్లో ఒక్కొక్కరికి తొంభై నిమిషాలు, ఎత్తుకు ముప్పై సెకన్లు అదనం. ముప్పై ఎత్తులకు పదిహేను నిమిషాలు కలిసి మొత్తం నూట అయిదు అవుతుంది. ఇరవై పక్కన పెడితే ఎనభై అయిదు మిగులుతుంది, అంటే ఎత్తుకు దాదాపు మూడు నిమిషాలు. ఇది తక్కువేమీ కాదు. కానీ నేను పన్నెండో ఎత్తు దగ్గర, తెలిసిన స్థితిలోనే, పద్దెనిమిది నిమిషాలు కూర్చున్న ఆటలు ఉన్నాయి. అందుకని ప్రతి అయిదు ఎత్తులకూ మిగిలిన నిమిషాలను స్కోరు షీటు మీద రాయడం మొదలుపెట్టాను. ఎత్తులతో పాటు గడియారం సమయం రాసుకోవడానికి నియమాలు ఒప్పుకుంటాయి. ఇతర వ్యాఖ్యలు రాయకూడదు.

రెండోది ఏనుగుల ముగింపులు. ఎన్నో చదవాలని పెట్టుకోకుండా, డ్రా కావలసిన స్థితిని ఓడకూడదన్నంత వరకే పెట్టుకున్నాను. పొద్దున అయిదున్నర నుంచి ఆరున్నర దాకా ఫిలిడోర్ స్థితిని బల్ల మీద పేర్చి కంప్యూటరుకు ఎదురు ఆడాను. ఎదుటివాడికి ఏనుగు, ఒక బంటు ఎక్కువ. మనకు ఏనుగు మాత్రమే, మన రాజు ఆ బంటు దారికి అడ్డంగా నిలబడి ఉంటాడు. మన ఏనుగును మన వైపు నుంచి మూడో వరసలో నిలిపితే ఎదుటి రాజు ఆ వరసలోకి అడుగు పెట్టలేడు. అక్కడ ఉన్నంతసేపూ ఏనుగును అటూ ఇటూ కదిపితే చాలు, తొందర పనికిరాదు. విసిగి అతను బంటును ఆ మూడో వరసలోకి నెట్టిన క్షణంలో మన ఏనుగు బల్ల అవతలి కొసకు పరుగెత్తి వెనక నుంచి చెక్‌లు ఇవ్వడం మొదలుపెడుతుంది. ముందుకు వచ్చిన బంటు ఇక అతని రాజుకు నీడ ఇవ్వలేదు. చదివితే ఇంతే. ఉన్న అరనిమిషంలో చేయి వణకకుండా ఆడడానికి నాకు రెండు నెలలు పట్టింది.

వీటి కోసం రెండు వదులుకున్నాను. నజ్‌డార్ఫ్ పుస్తకం అటకెక్కింది. రాత్రి దుకాణం మూసాక ఫోనులో ఆడే మూడు నిమిషాల ఆటలు మానేశాను, వాటిని వదలడమే ఎక్కువ కష్టమైంది. 2024 డిసెంబరులో కోనేరు హంపి ముప్పయ్యేడేళ్ల వయసులో రెండోసారి ప్రపంచ మహిళల ర్యాపిడ్ చాంపియన్ అయినప్పుడు ఆ వార్తను కత్తిరించి గోడకు అంటించాను. అది ఇంకా అక్కడే ఉంది, ఉండాలి కూడా. అయితే ఆమె పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్. ఆమె తిరిగి అందుకున్నది తన పునాది మీద నిలబడి. నా వంటివాడు వయసు ఒక్కటే చూసి ఆ పోలిక తెచ్చుకుంటే నష్టపోతాడు.

కొత్త గురితో ఇప్పటికి రెండు టోర్నమెంట్లు, పద్దెనిమిది ఆటలు అయ్యాయి. మొదటి దానిలో తొమ్మిదింటికి నాలుగు ఆటల్లోనే ఇరవై నిమిషాలు నిలిచాయి. భువనేశ్వర్‌లో ఆడిన రెండో దానిలో ఏడు. రేటింగ్ 1641 దగ్గర ఉంది.

భువనేశ్వర్‌లో ఏడో రౌండులో పద్నాలుగేళ్ల ఒడియా అబ్బాయి ఎదురయ్యాడు. ముప్పయ్యో ఎత్తు పక్కన 24 అని రాసుకున్నాను. నలభై నాలుగో ఎత్తులో ఒక బంటు పోయింది, మంత్రులు ముందే పోయాయి, చివరికి చెరొక ఏనుగూ అతని బంటూ మిగిలాయి. నా ఏనుగును మూడో వరసలో పెట్టి పదమూడు ఎత్తులు అటూ ఇటూ నడిపాను. అతను బంటును నెట్టగానే అవతలి కొసకు తీసుకెళ్లాను. డెబ్బై ఒకటో ఎత్తు దగ్గర అతను డ్రా అంటూ చేయి చాపాడు. బయట బల్ల దగ్గర ఆట మళ్లీ పేర్చుకున్నప్పుడు ఏనుగును అక్కడే ఎందుకు ఉంచారని ఒడియాలో అడిగాడు, చూపించాను.

తిరిగి వచ్చాక ఆ ఆట రాసిన రెండు కాగితాలూ మాస్టారి చేతిలో పెట్టాను. ఏ అక్షరమేమిటని నన్ను ఒక్కసారి కూడా అడగకుండా ఆఖరి వరస దాకా చదివి, వెనక్కు వచ్చి నలభై నాలుగో ఎత్తు మీద వేలు పెట్టి, "టైము ఉందిగదా, ఈ బంటు ఎందుకు వదిలేశావు?" అన్నారు.