గట్టి మౌంటింగ్‌లు వేశాక మ్యానిఫోల్డ్ పగిలింది: ఎలా సరిచేశాను

నా కారుది అడ్డంగా కూర్చునే నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్. దాన్ని బాడీకి పట్టి ఉంచే మౌంటింగ్‌లు మూడు: టైమింగ్ (బెల్టు లేదా చైను) వైపు ఒకటి, గేర్‌బాక్స్ వైపు ఒకటి, వెనక కింద ఇంజిన్ తిరగకుండా ఆపే టార్క్ రాడ్. ఈ మూడు మౌంటింగ్‌లనీ ఒకేసారి రబ్బరు నుంచి అంతకన్నా గట్టి పాలీయూరిథేన్‌కి (షోర్ అనే గట్టిదనం కొలతలో 80) మార్చాను. స్టెయిన్‌లెస్ హెడర్ (సిలిండర్ల నుంచి పొగ తెచ్చే నాలుగు పైపుల మ్యానిఫోల్డ్) అప్పటికే ఉంది. కొన్ని వారాలకి, పొద్దున చల్లగా స్టార్ట్ చేస్తే టిక్ టిక్‌మనే శబ్దం మొదలైంది. ఇంజిన్ వేడెక్కాక తగ్గిపోయేది. వేడికి లోహం సాగి పగులు మూసుకోవడం వల్ల అలా జరుగుతుంది. దాన్ని ట్యాపెట్ (వాల్వులని నడిపే భాగం) శబ్దం అనుకుని హెడ్ కవర్ విప్పకండి. సైలెన్సర్ చివర బ్లోయర్ పెట్టి గాలి కొడుతూ, చల్లటి హెడర్ మీద సబ్బునీళ్లు చల్లితే లీకు ఉన్నచోట బుడగలు వస్తాయి.

నాలుగు పైపులు ఒకటయ్యే చోట కింది వైపు దొరికింది. వెల్డింగ్ పూసకి రెండు మి.మీ. దూరంలో, దాని వెంటే వెంట్రుకంత గీత, పొడవు 14 మి.మీ. చుట్టూ మసి, గీత అంచున మాత్రం బూడిదరంగు.

మౌంటింగ్ గట్టిపడితే మ్యానిఫోల్డ్ పగులుతుందని చాలామంది అంటారు. అది సగమే నిజం. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజిన్ వెనక్కి తిరగడం తగ్గుతుంది కాబట్టి డౌన్‌పైప్ (హెడర్ నుంచి కిందికి వెళ్లే పైపు) వంగడమూ తగ్గుతుంది. ఆ మేరకు మేలే. చెడు రెండు చోట్ల జరిగింది.

మొదటిది నా బిగింపులో తప్పు. పాత రబ్బరు ఏళ్ల తరబడి బరువు మోసి అణిగిపోయి ఉంటుంది. కొత్తవి వేశాక గేర్‌బాక్స్ వైపు ఇంజిన్ 4 మి.మీ. పైకి లేచింది. ఎగ్జాస్ట్ నట్లు వదులు చేయకుండానే మౌంటింగ్‌లు మార్చాను. ఆ 4 మి.మీ. తేడాని హెడరూ డౌన్‌పైపూ వంగి భరించాయి. కింద ఫ్లాంజ్ (పైపులని కలిపే రంధ్రాల పలక) నట్లు విప్పగానే పైపు టక్కున పక్కకి జరిగింది, బోల్టు రంధ్రాలు సగం తప్పిపోయాయి. ఎప్పుడూ ఇలా లాగిపట్టి ఉన్న పైపు మీద వేడి, వణుకు తోడైతే వెల్డింగ్ అంచు నిలవదు.

రెండోది ఐడిల్, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడవడం. 850 ఆర్‌పీఎం దగ్గర ఈ ఇంజిన్ సెకనుకు 28 సార్లు ఫైర్ అవుతుంది. మౌంటింగ్ మీద ఇంజిన్ సహజంగా ఊగే వేగం సెకనుకు 20 సార్లు దాటితే మౌంటింగ్ వణుకుని ఆపకపోగా పెంచుతుంది. రబ్బరు మీద ఆ వేగం 12 అనుకుందాం. గట్టిదనం నాలుగింతలైతే వేగం రెండింతలై 24కి చేరుతుంది. డ్యాంపింగ్ (వణుకుని మింగే గుణం) వదిలేసి లెక్క వేస్తే, రబ్బరు మీద వణుకు బలంలో సుమారు ఐదో వంతే బాడీకి చేరేది, 24 మీద రెండున్నర రెట్లై చేరుతుంది. పాలీయూరిథేన్ కొంత మింగుతుంది కానీ ధోరణి మారదు. బాడీకి వేలాడే ఎగ్జాస్ట్ మొత్తం ఆ వణుకుతో హెడర్‌ని లాగుతూ ఉంటుంది.

అందుకే రోడ్డు మీద తిరిగే కారుకి పైన రెండూ కొత్త రబ్బరువే వేసి, టార్క్ రాడ్ బుష్ మాత్రం పాలీయూరిథేన్ ఉంచాను. ఇంజిన్ తిరగడాన్ని ముఖ్యంగా ఆపేది అదే.

పగులు పూడ్చడానికి హెడర్ దించాలి, కారు మీదే వెల్డింగ్ చేయొద్దు. గీత రెండు కొసల్లో 3 మి.మీ. రంధ్రం వేసి, గీత పొడవునా వీ ఆకారంలో గ్రైండ్ చేసి, 308ఎల్ రాడ్‌తో ఆర్గాన్ వెల్డింగ్ చేయించాను. పైపు లోపల కూడా ఆర్గాన్ గ్యాస్ నింపాలి. లేకపోతే లోపలివైపు వెల్డింగ్ పంచదార పలుకుల్లా గరుకుగా మాడి, మళ్లీ అక్కడే పగులుతుంది. ఆ వేడికి ఫ్లాంజ్ వంగుతుంది. దాని మీద స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని పట్టీ) పెట్టి చూస్తే నాది 0.3 మి.మీ. తేడా చూపింది, సర్ఫేస్ గ్రైండింగ్ చేయించాను.

హెడర్‌ని ఇంజిన్ హెడ్‌కి పట్టే స్టడ్‌లు (తల లేని బోల్టులు) 8 మి.మీ. ఫ్లాంజ్‌లో మధ్య రంధ్రాలు 8.5, చివరివి 10 మి.మీ. ఉండాలి. 400 మి.మీ. స్టెయిన్‌లెస్ ఫ్లాంజ్ 400 డిగ్రీలు వేడెక్కితే రెండున్నర మి.మీ. పైనే సాగుతుంది, అల్యూమినియం హెడ్ అంత సాగదు. చివరి రంధ్రాలు బిగువుగా ఉంటే స్టడ్ తెగుతుంది. నట్లు మధ్య నుంచి బయటికి, బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో, మాన్యువల్‌లో ఉన్నంతే. ఎక్కువ బిగిస్తే ఫ్లాంజ్ జరగడానికి చోటుండదు.

ఎగ్జాస్ట్ ఎక్కించే వరుస ఇది. ముందు ఇంజిన్ బరువు మౌంటింగ్‌ల మీద కూర్చోవాలి, తర్వాతే వాటి బోల్టులు బిగించాలి. ఎగ్జాస్ట్ నట్లన్నీ చేత్తో ఎక్కించి, హెడ్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి బిగించుకుంటూ వెళ్లాలి. ఫ్లాంజ్‌లు చేత్తోనే కలవాలి. సమ్మెట, జాకీ అవసరమైతే పైపు కోసి మళ్లీ అతికించడమే.

జాలీ ఉన్న ఫ్లెక్స్ పైపు (ఎగ్జాస్ట్‌లో వంగే ముక్క) కూడా మార్చాను. పాతదాని జాలీ ఒక పక్క రాపిడికి తళతళలాడుతోంది, లోపలి ముడతలు విరిగాయి. కొత్తది 51 మి.మీ. వ్యాసం, 200 మి.మీ. పొడవు. అది వంగడానికే, మెలికకీ సాగడానికీ కాదు, కాబట్టి ఏ లాగుడూ లేకుండా అసలు పొడవులోనే కూర్చోవాలి. ఫ్లెక్స్‌కి ముందు డౌన్‌పైప్ బరువు మోయడానికి బ్రాకెట్ ఇంజిన్ బ్లాక్‌కీ గేర్‌బాక్స్‌కీ కట్టాలి, బాడీకి కాదు. బాడీకి కడితే ఇంజిన్ కదిలిన ప్రతిసారీ ఆ కుదుపు హెడర్ మీదే పడుతుంది. బ్రాకెట్ రంధ్రం పొడుగ్గా చేస్తే పైపు సాగడానికి చోటుంటుంది. టర్బో ఉంటే దాని బరువుకీ ఇదే పద్ధతి.

చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై లాంటి రేస్ ట్రాక్ మీద నడిపే కారుకి మూడూ గట్టివే వాడొచ్చు, అక్కడ ఐడిల్‌లో గడిపే సమయం తక్కువ. అలాంటి కారుకి ఐడిల్ 1000 పైకి పెంచి, ప్రతి ఈవెంట్ ముందు ఫ్లెక్స్ జాలీని చేత్తో నొక్కి చూసి, ఇంజిన్ పూర్తిగా చల్లారాక హెడర్ నట్లు మళ్లీ టార్క్‌కి తెస్తాను.