ఆకుపచ్చ వెలుగు వచ్చినంత వరకే

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. 2023 దసరా రోజుల్లో మొదటిసారి విరేచనంలో రక్తం చూశాను. ఇక్కడ చూపిస్తే మొలలు అన్నారు, వేలు పెట్టి పరీక్ష కూడా చెయ్యకుండా ఎనిమిది నెలలు పూతమందులు, మాత్రలు ఇచ్చారు. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. రక్తం తగ్గలేదు, చీపురు పట్టుకున్నా ఆయాసమే. చివరికి మా వదిన "ఏటమ్మా, ముఖం ఇలా పాలిపోయింది, ఇంకెన్నాళ్ళు చూస్తావు" అని పట్టుబట్టి గుణుపూర్ నుంచి వచ్చే విశాఖ ప్యాసింజర్ ఎక్కించింది. అక్కడ కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీ చేశారు. మలద్వారానికి ఎనిమిది సెంటీమీటర్ల పైన, అంటే పెద్దపేగు చివరి భాగమైన రెక్టమ్‌లో గడ్డ. క్యాన్సరే.

ముందు 25 రోజులు రేడియేషన్, దాంతోపాటు కీమో మాత్రలు. విశాఖలో ఒక గది అద్దెకు తీసుకుని నేనూ మా ఆయనా ఉన్నాం. ఆ రోజులు ఎలాగో గడిచిపోయాయి. ఆపరేషన్ తేదీ దగ్గరపడే కొద్దీ నాకు క్యాన్సర్ కంటే, గడ్డ తీసేశాక పేగును మళ్ళీ కలిపే అతుకు అంటేనే టెన్షన్ పట్టుకుంది. ఎందుకంటే మా పెద్దమామయ్యకి చాలా ఏళ్ళ క్రితం ఇలాంటి ఆపరేషనే జరిగింది. బాగానే లేచి కూర్చున్నాడు, ఆరో రోజు జ్వరం, కడుపు ఉబ్బరం, పేగు అతికిన చోట లీకైందన్నారు, మళ్ళీ కోశారు, ఇంటికి తిరిగి రాలేదు. సర్జన్ గారికి ఇదంతా చెప్పి "సార్, నాకూ అలా అయితే?" అని అడిగాను. ఆయన విసుక్కోలేదు, కాగితం మీద బొమ్మ గీశారు.

నాకు అర్థమైంది ఇది. గడ్డతోపాటు ఆ భాగానికి రక్తం ఇచ్చే పెద్ద నాళాన్ని కూడా కట్టేసి తీసేస్తారు, క్యాన్సర్ పాకే లింఫ్ గ్రంథులన్నీ దాని వెంటే ఉంటాయి కాబట్టి. తర్వాత పైనున్న పేగును కిందికి దించి అతుకుతారు. కిందికి దించిన పేగు కొసకి రక్తం ఇక పక్కనున్న సన్నని నాళాల గుండానే రావాలి. అది చాలకపోతే అతుకు మానదు. ఇదివరకు పేగు రంగు చూసి, నాడి కొట్టుకుంటుందా, కోసిన అంచున రక్తం ఊరుతుందా అని చూసి నిర్ణయించేవారు, ఇప్పుడూ అవి చూస్తారు. దానికి తోడు ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగుమందును చేతి నరంలోకి ఎక్కించి, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు వేసే కెమెరాతో చూస్తారు. రక్తం చేరిన చోటల్లా తెర మీద వెలుగుతుంది. ఆ మందు రక్తంలోని ప్రోటీన్లను పట్టుకుని తిరుగుతుంది, కొన్ని నిమిషాల్లోనే లివర్ దాన్ని లాగేసి పైత్యరసంలోకి వదిలేస్తుంది. అందులో అయోడిన్ ఉంటుంది కాబట్టి అయోడిన్ పడకపోవడం ఉందా అని నన్ను రెండుసార్లు అడిగారు.

ఆపరేషన్ అయిన మూడు వారాలకి చెకప్‌కి వెళ్ళినప్పుడు ఆ వీడియో చూపించమని నేనే అడిగాను. తెరంతా బూడిద రంగు, పేగు తడి గుడ్డ మెలిపెట్టినట్టు పడి ఉంది, దాని మీద చిన్న గుర్తు, అక్కడ కోద్దామని ముందు అనుకున్నారట. అర నిమిషం ఏమీ లేదు. తర్వాత పైనుంచి సన్నని గీతల్లా ఆకుపచ్చ దిగింది, గీతలు కలిసి పేగంతా పరుచుకుంటూ వచ్చింది, గుర్తుకు రెండు వేళ్ళ ఎడంలో ఆగిపోయింది. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నా, అవతల అలా నల్లగానే ఉండిపోయింది. "మామూలు కంటికి ఆ ముక్క కూడా బాగానే కనిపించిందమ్మా" అన్నారు సర్జన్ గారు. అందుకని ఇంకో మూడు సెంటీమీటర్లు పైకి జరిగి ఆకుపచ్చగా వెలిగిన చోట కోశారు. పేగు పొట్టిదై అతుకు మీద లాగుడు పడకూడదని ఎడమ డొక్క పైభాగంలో ఇంకాస్త విడదీసి దించారు. ఆ చిన్న నల్ల ముక్క గురించి నేను ఇప్పటికీ ఆలోచిస్తూ ఉంటాను, మామయ్యకి కూడా అలాంటి ముక్కే మిగిలిపోయిందేమో అని.

అయితే ఇది చేస్తే లీకే ఉండదని ఎవరూ నాకు చెప్పలేదు. రేడియేషన్ తగిలిన పేగు, షుగరు, ఇన్ఫెక్షన్, ఇవన్నీ వేరే కారణాలు. మా అబ్బాయి వెతికి చెప్పాడు, 2021లో వచ్చిన అమెరికా పరిశోధనలో ఈ రంగుమందు వాడినా వాడకపోయినా లీకుల్లో పెద్ద తేడా కనబడలేదట, 2023లో వచ్చిన జపాన్ పరిశోధనలో మాత్రం రెక్టమ్ ఆపరేషన్లలో లీకులు 11.8 శాతం ఉన్నవి 7.6 శాతానికి తగ్గాయట. లీకు భయం పూర్తిగా పోదు కాబట్టే నాకు కూడా జాగ్రత్త కోసం, మలం అతుకు దాకా వెళ్ళకుండా, చిన్నపేగును పొట్ట మీదికి తెచ్చి మూడు నెలలు బ్యాగ్ పెట్టారు. మొదటి వారం బ్యాగ్ చూసి ఏడ్చాను. మా ఆయన రోజూ కత్తెరతో, బ్యాగ్‌ని పొట్టకి అంటించే బిళ్ళకి బెజ్జం సరైన కొలతకి కత్తిరించి ఇచ్చేవారు, బట్టలకు కాజాలు కత్తిరించే మనిషి కదా, ఆయన చేతిలో ఒక్కసారి కూడా పక్కనుంచి కారలేదు.

ఆపరేషన్ అయిన ఐదో రోజు నుంచి పదో రోజు వరకు మాత్రం నిద్ర లేదు. నర్సమ్మ థర్మామీటర్ తీసినప్పుడల్లా ఆమె ముఖం వైపే చూసేదాన్ని. జ్వరం రాలేదు. జనవరిలో అతుకు దగ్గర మందు ఎక్కించి ఎక్స్‌రే తీసి, బాగా మానిందని నిర్ధారించుకున్నాకే బ్యాగ్ తీసేశారు. తర్వాత రెండు నెలలు రోజుకి ఏడెనిమిది సార్లు బాత్రూమ్‌కి, అది ఎవరూ ముందుగా సరిగ్గా చెప్పలేదు, ఇప్పుడు మూడు నాలుగుకి తగ్గింది. ఎండాకాలంలో ఎదురింటి ఒడియా పెద్దమ్మ పొఖాళ, అంటే నీళ్ళలో నానబెట్టిన అన్నం, తెచ్చి ఇచ్చింది, మా ఇంట్లో అలాంటిదే తరవాణి ఉంది, రెండూ కొంచెం కొంచెం తిన్నాను, ఏమీ కాలేదు.

మూడు నెలలకోసారి రక్తపరీక్ష ఉంది. వచ్చే వారం మళ్ళీ అదే ప్యాసింజర్.