చీపురు పుల్లలతో పదుల లెక్క

మా పాపకి ఆరో ఏడు. ఒకటి నుంచి వంద దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తుంది, కానీ మొన్న ఇరవై మూడు రాయమంటే 203 అని రాసింది. దాని తప్పేం లేదు, ముందు ఇరవై వినపడింది, తర్వాత మూడు వినపడింది, విన్నది విన్నట్టు రాసేసింది.

ఇంట్లో లెక్కలు నేర్పడానికి ఏం కొనాలని నన్ను చాలామంది అడుగుతుంటారు. నేను మొదట కొన్నవి పదేసి గళ్ళు కలిపి పోతపోసిన ప్లాస్టిక్ బ్లాకులు. చూడ్డానికి బాగుంటాయి గానీ వాటిలో పది ముందే అతుక్కుని ఉంటుంది, విడదీద్దామంటే రాదు. పదిని పిల్ల తన చేత్తో కట్టాలి, తన చేత్తోనే విప్పాలి. అందుకే కొత్త కొబ్బరి చీపురు తెచ్చి, పుల్లల్ని వేలెడు ముక్కలు చేసి, పక్కన రబ్బరు బ్యాండ్లు పెట్టాను. వారం రోజులు కట్టలు కట్టడమే పని.

తర్వాత అట్టముక్కల మీద 20, 3 రాసి, 20లోని సున్నా మీద 3ని పెట్టించాను. సున్నా ఏమైందని అడిగితే "మూడు కింద దాక్కుంది" అంది. ఆ రోజు నుంచి 203 మళ్ళీ రాయలేదు.

అంకెలు మాత్రం ముందు తెలుగులోనే చెప్పించండి. పదమూడు అంటే పది, మూడు రెండూ వరసగా వినపడతాయి, చేతిలో కట్టా పుల్లలూ అదే వరసలో ఉంటాయి. ఇంగ్లీషు థర్టీన్‌లో మూడు ముందొచ్చి కూర్చుంటుంది. పదకొండు, పన్నెండు మాత్రం ఊరికే కంఠతా రావాల్సిందే.

డబ్బు పెట్టి కొనదగ్గది నాకు తెలిసి ఒకటుంది, బెల్జియం టీచర్ జార్జ్ క్యూజినేర్ చేసిన రంగు కడ్డీలు. ఒక సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా ఉంటాయి, వాటి మీద అంకెలు ఉండవు, రెండు పసుపు కడ్డీలు చేరిస్తే నారింజ కడ్డీకి సరిగ్గా సరిపోతాయి. చింతగింజలు, గవ్వలు కూడా మంచివే, కానీ ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే వద్దు, నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు.

నిన్న 23లోంచి 7 తీయమన్నాను. విడి పుల్లలు మూడూ తీసేసి, కాసేపు కట్ట వంక చూసి, "అమ్మా, ఇది విప్పనా?" అంది. అప్పు తెచ్చుకోవడం అనే మాట నేనింకా చెప్పనేలేదు. సాయంత్రానికి పది కట్టలూ పోగేసి వంద చేస్తానని కూర్చుంది, రబ్బరు బ్యాండు చాలక జడ రిబ్బను తెచ్చి కట్టింది.