స్పిన్-ఆఫ్ కొనే ముందు ట్రైలర్‌లో ఏం చూడాలి

పేరున్న గేమ్ లోకాన్ని, పాత్రల్ని తీసుకుని వేరే తరహా ఆట కడితే అది స్పిన్-ఆఫ్. అది నచ్చకపోతే తప్పు చాలాసార్లు ఆటలో ఉండదు, దాన్ని అమ్మిన తీరులో ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్ళకి ఇది డబ్బుతో పోయే సంగతి కూడా కాదు. రోజుకి 1.5 జీబీ ప్యాక్ మీద 30 జీబీ గేమ్ దించాలంటే 20 రోజుల డేటా. అంతా అయ్యాక "ఇదేట్రా బాబూ!" అనుకుని లాభం లేదు.

అన్నిటికంటే గట్టి దెబ్బ కథ పేరుతో ఇచ్చే మాట వల్లే. (ఈ పేరాలో కథ గుట్టు విప్పేస్తున్నాను, ఆడనివాళ్ళు దాటెయ్యండి.) 'హైరూల్ వారియర్స్: ఏజ్ ఆఫ్ కెలామిటీ' 2020 నవంబర్ 20న వచ్చింది. జెల్డా సిరీస్‌లోని అసలు గేమ్ 'బ్రెత్ ఆఫ్ ద వైల్డ్'కి 100 ఏళ్ళ ముందు జరిగిన మహాయుద్ధం ఇదేనని ప్రచారం చేశారు. ఆ యుద్ధంలో నలుగురు చాంపియన్లూ (రాజ్యాన్ని కాపాడే వీరులు) చనిపోయారని ఆ అసలు గేమ్ వచ్చిన 2017లోనే ఆడినవాళ్ళందరికీ తెలుసు. ఆ ఓటమిని కళ్ళారా చూద్దామనే చాలామంది కొన్నారు. తీరా చూస్తే చిన్న గార్డియన్ (యంత్రం) ఒకటి కాలంలో వెనక్కొస్తుంది, భవిష్యత్తు నుంచి దిగినవాళ్ళు చాంపియన్లని కాపాడేస్తారు, కథ ఇంకో దారి పట్టేస్తుంది. ఒక్కడే వందలమందిని ఊచకోత కోసే ముసో ఆటగా చూస్తే దానికి వంక పెట్టక్కర్లేదు. పైగా ఆ గార్డియన్ వెనక్కి రావడం మొదట్లోనే, అక్టోబర్‌లో వదిలిన ఉచిత డెమోలోనే ఉంది. దాచింది ప్రచారమే.

ఆట తీరు మారితే పది నిమిషాల గేమ్‌ప్లే వీడియోలో కనిపెట్టెయ్యొచ్చు. కథని అలా ముందే సరిచూసుకోలేం, చూస్తే మజా పోతుంది. అందుకే ట్రైలర్ కథ గురించే ఎక్కువ చెప్పి ఆట తక్కువ చూపిస్తే నాకు అనుమానం.

ప్రకటించే వేళ కూడా తక్కువదేం కాదు. 2018లో బ్లిజార్డ్ కంపెనీ అభిమానుల పండగ బ్లిజ్‌కాన్ ప్రారంభ సభలో చిట్టచివరన, అంటే అందరూ అతి పెద్ద కబురు కోసం కాచుకున్న చోట, పీసీ సిరీస్ 'డయాబ్లో'కి స్పిన్-ఆఫ్‌గా 'డయాబ్లో ఇమ్మోర్టల్' అనే ఫోన్ గేమ్‌ని తెచ్చిపెట్టారు. పీసీ జనాన్ని పెళ్ళి భోజనానికి పిలిచి టిఫిన్ పెట్టినట్టయింది. 'ఫాల్అవుట్ షెల్టర్' కూడా ఫోన్ స్పిన్-ఆఫే. కానీ 2015లో దాన్ని 'ఫాల్అవుట్ 4' చూపించిన సభలోనే ప్రకటించి, ఆ రాత్రే ఐఫోన్లలో ఉచితంగా వదిలారు. ఊహలు పెంచుకోవడానికి వ్యవధే లేదు.

ధర కూడా ఓ మాటే. 'అన్‌చార్టెడ్: ద లాస్ట్ లెగసీ' (2017) నాలుగో భాగానికి అదనపు ముక్కగా మొదలై విడి గేమ్ అయింది. మన పశ్చిమ కనుమల్లో, హొయసల శిథిలాల మధ్య నడుస్తుంది. 40 డాలర్లన్నారు కాబట్టి చిన్నదని పెద్దగా ఎవరూ గొణగలేదు. 'హేలో 3: ఓడీఎస్‌టీ' (2009) కూడా చిన్న ముక్కగానే మొదలైంది కానీ 60 డాలర్లకి అమ్మారు. చాలా రివ్యూల్లో ఆ ధర గొడవే.

మనవైపు ఎక్కువమందికి తెలిసినది 'పబ్జీ: న్యూ స్టేట్'. 2021 నవంబర్ 11న వచ్చింది. 2051, డ్రోన్లు, కొత్త లోకం అని ఊదరగొట్టారు. దిగి చూస్తే ఆఖరికి ఒక్కరో ఒక్క జట్టో మిగిలేదాకా కొట్టుకునే పాత బ్యాటిల్ రాయలే. కొన్ని నెలల్లోనే పేరులోంచి పబ్జీ కూడా పోయింది.

ట్రైలర్ చూసేటప్పుడు అడుగున చిన్న అక్షరాల్లో "నాట్ యాక్చువల్ గేమ్‌ప్లే" అని ఉందేమో చూడండి. తెర మీద హెల్త్ బార్, మ్యాప్ ఎక్కడా కనపడకపోతే అది ఆట కాదు, సినిమా. ఎంతమంది ఆడొచ్చో స్టోర్ పేజీలో చదవండి. 2025 మేలో 'ఎల్డెన్ రింగ్: నైట్‌రెయిన్' వచ్చినప్పుడు ఒక్కరు లేదా ముగ్గురు. అన్నదమ్ములిద్దరూ జట్టుగా ఆడదామంటే కుదరలేదు, ఇద్దరి పద్ధతి జులై చివర్లో గానీ రాలేదు.

పీసీ గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో కొంటే 14 రోజుల్లోపు, 2 గంటలకు మించి ఆడకపోతే డబ్బు వెనక్కి అడగొచ్చు. దించుకునే సమయం లెక్కలోకి రాదు. గేమ్ తెరిచాక షేడర్లు (బొమ్మలు గీసే ప్రోగ్రాములు) కంపైల్ అయ్యే, అంటే మీ మెషీన్‌కి తగ్గట్టు తయారయ్యే సమయం మాత్రం వస్తుంది, పాత ల్యాప్‌టాప్‌లో అదే చాలా తినేస్తుంది. ప్లేస్టేషన్ స్టోర్‌లో అయితే మామూలుగా డౌన్‌లోడ్ మొదలెట్టారంటే ఆ దారి మూసుకున్నట్టే, కాబట్టి అక్కడ కొనేసి ఆలోచించడం కుదరదు.