‘క్రానిక్’ అన్న ఒక్క మాట పట్టుకుని మా నాన్న క్లెయిమ్ ఆపేశారు: నా అనుభవం

నిన్న సాయంత్రం డబ్బులు అకౌంట్‌లో పడ్డాయి. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మా నాన్నకి 64 ఏళ్ళు. తెనాలిలో బట్టల కొట్లో గుమాస్తాగా చేసి మానేశారు. నాలుగు నెలల క్రితం పొద్దున్నే కాఫీ గ్లాసు కుడిచేతిలోంచి జారిపోయింది, మూతి వంకరపోయింది. పక్షవాతం, అదే స్ట్రోక్. రెండు గంటల్లోపే గుంటూరు చేర్చాం. సీటీలో రక్తస్రావం లేదని చూసుకుని రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు. మామూలుగా అది నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఇక్కడిదాకా ఎవరినీ ఒక్క మాట అనడానికి లేదు.

మర్నాడు ఎమ్మారై రిపోర్టు వచ్చింది. ఎడమవైపు కొత్తగా దెబ్బతిన్న చోటు ఉందని ఒక వాక్యం, దాని కింద ‘క్రానిక్ స్మాల్ వెసెల్ ఇస్కీమిక్ చేంజెస్, ఫజెకాస్ గ్రేడ్ 2’ అని ఇంకో వాక్యం. ఆ రెండో వాక్యం ఏమిటో మాకెవరూ చెప్పలేదు. కానీ ‘క్రానిక్’ అంటే చాలాకాలంగా ఉన్నదని అర్థం కదా, ఇన్సూరెన్స్ వాళ్ళు దాన్నే పట్టుకున్నారు.

డిశ్చార్జ్ రోజు ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర ఒకతను, నా తమ్ముడి వయసు కూడా ఉండదు, “క్యాష్‌లెస్ రిజెక్ట్ అయింది సార్, పాత జబ్బు దాచిపెట్టి పాలసీ తీసుకున్నారు కదా” అన్నాడు. లైన్లో పదిమంది ఉన్నారు. పక్కనే వీల్‌చైర్‌లో నాన్న. ముప్ఫై ఏళ్ళు గల్లా పెట్టె దగ్గర కూర్చుని ఒక్క రూపాయి తేడా రానివ్వని మనిషి. “దాచలేదు” అని చెప్పబోయారు, నోరు తిరగలేదు, “దా... దా...” దగ్గరే ఆగిపోయి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆ పూట నా భార్య గాజులు కుదువ పెట్టి రెండు లక్షల పద్దెనిమిది వేలు కట్టి ఇంటికి తెచ్చుకున్నాం.

ఇందులో మా బాబాయి పాపం కూడా ఉంది. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు “బీపీ ఉందా” అని అడిగితే “ఎప్పట్నుంచో ఉండే ఉంటుంది లెండి” అన్నాడు, ఆయన అదే కేస్‌షీట్‌లో ఎక్కించేశాడు. నాన్న జన్మలో బీపీ చూపించుకోలేదు! దయచేసి హాస్పిటల్లో తెలిసినవాళ్ళనే మాట్లాడనివ్వండి, తెలియనిది తెలియదనే చెప్పించండి.

పది రోజుల తర్వాత చెకప్‌కి వెళ్ళినప్పుడు న్యూరాలజిస్ట్‌ని పట్టుబట్టి అడిగాను. ఆయన స్కాన్ తెరిచి చూపించారు. ఒక ఫిల్ములో కొత్త స్ట్రోక్ ఒక్కటే తెల్లగా మెరుస్తోంది. ఇంకో ఫిల్ములో మెదడు మధ్య ఖాళీల చుట్టూ, లోపల అక్కడక్కడా తెల్లటి మచ్చలు. “మెదడులో ఒక భాగం నుంచి ఇంకో భాగానికి కబురు మోసే తీగల్లాంటిది ఈ వైట్ మ్యాటర్. దీనికి రక్తం తెచ్చేవి వెంట్రుకంత సన్నటి నాళాలు. బీపీ ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే వాటి గోడలు మందమైపోతాయి, సుగరూ సిగరెట్టూ తోడైతే ఇంకా త్వరగా. మచ్చల్ని 0 నుంచి 3 దాకా లెక్కేస్తాం, ఫజెకాస్ గ్రేడ్ అంటే అదే, మీ నాన్నగారివి ఒకదానితో ఒకటి కలవడం మొదలైంది కాబట్టి 2. మనిషికి ఏమీ తెలియదు బాబూ, అరవై దాటిన చాలామందిలో ఎంతో కొంత కనిపిస్తాయి” అన్నారు. ఇవి ఉన్నవాళ్ళు కోలుకోవడం నెమ్మదిగా ఉండొచ్చనీ, నడక, మతిమరుపు మీద కన్నేసి ఉంచమనీ, బీపీ 130/80 లోపు ఉంచమనీ చెప్పారు.

నాకప్పుడు వెలిగింది. మచ్చలు పాతవే, కానీ వాటిని మొదటిసారి చూసింది ఈ స్కాన్‌లోనే. పాలసీ కాగితాలు తీసి చదివాను. పాలసీకి ముందు 36 నెలల్లో డాక్టరు నిర్ధారించినదో, సలహా లేదా చికిత్స తీసుకున్నదో అయితేనే అది ముందే ఉన్న జబ్బు కింద లెక్క. శరీరంలో ఉండటం వేరు, మనకు తెలిసి ఉండటం వేరు. తెలియనిదాన్ని ఎలా దాస్తాం?

ఇంతకుముందు బీపీ నిర్ధారణ గానీ మందులు గానీ లేవని, మార్పులు ఈ ఎమ్మారైలోనే మొదట కనబడ్డాయని డాక్టరు గారు లెటర్ రాసిచ్చారు. బిల్లులతో రీయింబర్స్‌మెంట్‌కి పెడితే మళ్ళీ తిరగ్గొట్టారు. కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) విభాగానికి ఆ నిర్వచనం, లెటర్ జతచేసి పంపాను. నెలలో తేల్చకపోయినా, తేల్చింది నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్తానని కూడా రాశాను. అక్కడ ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. అంతదూరం వెళ్ళకుండానే దిగొచ్చారు. ఫోన్లో బతిమాలుకున్న రెండు నెలలూ దండగ, కాగితం మీద అడిగాకే కదిలారు.

రాత్రి నాన్నకి చెప్పాను. ఇప్పుడు మాట కొంచెం స్పష్టంగానే వస్తోంది. డబ్బు ఎంతో అడగలేదు. “దాచలేదని... రాశారా?” అన్నారు.

ఎస్సెమ్మెస్ మళ్ళీ తీసి చూశాను. ‘క్లెయిమ్ సెటిల్డ్’ అని మాత్రమే ఉంది.