మ్యాథ్‌కోర్ ఈపీ మేమే రికార్డ్ చేసుకున్నాం: క్లిక్ నుంచి వేవ్ ఫైల్ దాకా

మా బ్యాండుకి లేబుల్ లేదు, ప్రొడ్యూసర్ లేడు. చేసింది ఈపీ, అంటే ఆల్బం కన్నా చిన్న రికార్డు. నాలుగు పాటలు, అన్నీ కలిపి 13 నిమిషాలు. డ్రమ్స్ హైదరాబాద్ సైనిక్‌పురిలో ఒక జామ్‌రూమ్‌లో (బ్యాండ్‌లు అద్దెకి తీసుకుని వాయించుకునే గది), మిగతావి ఇంట్లో. మాది ప్రోగ్రెసివ్ మెటల్, హార్డ్‌కోర్ కలిసిన బాపతు. డిలింజర్ ఎస్కేప్ ప్లాన్, కన్వర్జ్ లాంటి బ్యాండ్‌లని విన్నవాళ్లకి వెంటనే తెలిసిపోతుంది. విననివాళ్లకి గిన్నెల బుట్ట మెట్ల మీంచి దొర్లినట్టు ఉంటుంది. ఆ బుట్ట ప్రతి టేకులోనూ అదే మెట్టు మీద, అదే చప్పుడుతో పడాలి. పనంతా అక్కడే ఉంది.

అందుకే మొదటి రెండు వారాలు మైకు ముట్టుకోలేదు. టెంపో మ్యాప్ (పాటలో ఎక్కడ ఎంత వేగం, ఏ మీటరు అన్న పటం) మాత్రమే చేశాం. మూడో పాట మూడు నిమిషాలు కూడా ఉండదు, మీటరు, అంటే తాళంలో దెబ్బల లెక్క, 41 చోట్ల మారుతుంది. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రీపర్‌లో షిఫ్ట్, సి కలిపి కొడితే టెంపో మార్కర్ వస్తుంది; మీటరు మారిన ప్రతిచోటా ఒకటి పెట్టుకుంటూ పోవడమే. రీపర్ 60 రోజులు ఉచితం, ఈ పనికి ఆ గడువు చాలు.

అక్కడే మొదటి దెబ్బ తగిలింది. 190 బీపీఎంలో (నిమిషానికి బీట్లు) 7/8, అంటే ఏడు ఎనిమిదో వంతు నోట్ల తాళం, వస్తే మెట్రోనోమ్ ప్రతి ఎనిమిదో వంతు నోటుకీ కొడుతుంది, అంటే నిమిషానికి 380 టిక్కులు. అది డ్రమ్మరుకి కుట్టుమిషన్‌లా వినిపిస్తుంది, తాళం మొదటి దెబ్బ ఎక్కడుందో తెలియదు. మెట్రోనోమ్ ఆపేసి క్లిక్‌ని, అంటే ఆ టిక్కుల్ని, మేమే మిడి ట్రాక్‌లో (నోట్లు రాసుకునే ట్రాక్) రాశాం, ఒక్కో గుంపుకి మొదటి దెబ్బ మాత్రమే. ఏడుకి మూడు టిక్కులు: తక తక తకిట. పదకొండు అయితే తకధిమి తకిట తకధిమి. మాలో ఎవరూ మృదంగం నేర్చుకోలేదు, అయినా 2+2+3 అని అంకెల్లో లెక్కపెట్టడం కన్నా నోటితో ఈ మృదంగం సొల్లుకట్టు చెప్పుకుంటే తొందరగా ఒంటబట్టింది. గిటారు తీసే ముందు రిఫ్ మొత్తం నోటితో చెప్పగలగాలని నియమం పెట్టుకున్నాం. చెప్పలేని రిఫ్ వాయించడానికీ రాలేదు.

డ్రమ్స్‌కి ఎనిమిది చానెళ్లు: కిక్ ఒకటి, స్నేర్ పైనా కిందా, టామ్‌లు మూడు, ఓవర్‌హెడ్‌లు (కిట్ మొత్తాన్నీ పైనుంచి పట్టే మైకులు) రెండు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, పీక్ మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా. కింది స్నేర్ మైకు పోలారిటీ తిప్పాలి (సిగ్నల్‌ని తలకిందులు చేయడం), లేకపోతే రెండూ కలిసినప్పుడు స్నేర్ పలచబడుతుంది. ఓవర్‌హెడ్‌లు రెండూ స్నేర్ మధ్య నుంచి సమాన దూరంలో ఉండాలి. టేపు అక్కర్లేదు, మైకు కేబులే సాగదీసి కొలవచ్చు.

ఇంత చేసినా తొలిరోజు స్నేర్ మాయమైపోయింది. ఎడమ ఓవర్‌హెడ్ ఒక్కటే వింటే బాగుంది, కుడిది ఒక్కటే విన్నా బాగుంది, రెండూ కలిపి మోనోలో, అంటే ఒకే చానెల్‌గా, వింటే స్నేర్ గోడ అవతల మోగుతున్నట్టుంది. మైకులు జరిపాం, స్టాండ్లు మార్చాం. చివరికి తప్పు కేబుల్‌లో దొరికింది. డబ్బు మిగులుతుందని కోఠి గుజరాతీ గల్లీలో మైకు కేబుళ్లకి ఎక్స్‌ఎల్ఆర్ కనెక్టర్లు కొనుక్కొచ్చి మేమే సోల్డరింగ్ చేశాం. ఒక కేబుల్‌కి ఒక కొసన రెండో పిన్ను, మూడో పిన్ను తారుమారయ్యాయి. ఉండాల్సింది ఒకటో పిన్ను గ్రౌండ్, రెండు హాట్, మూడు కోల్డ్. మల్టీమీటర్ పెట్టి రెండు కొసలూ చూస్తే కేబుల్‌కి అర నిమిషం పడుతుంది. మాకు ఒక పూట జామ్‌రూమ్ అద్దె పోయింది.

కిక్ సంగతి లెక్కతో తేలుతుంది. 200 బీపీఎంలో పదహారో వంతు నోట్ల మధ్య ఎడం 75 మిల్లీసెకన్లు. కిక్ మోత అంతకన్నా ఎక్కువసేపు సాగితే ఒక దెబ్బ తోక తర్వాతి దెబ్బ మీద పడి అంతా బురదే. లోపల బొంత కుక్కి, తోక తెగే దాకా సర్దాం. ఇంకో చిక్కు ఈ తరహా పాటలకే ప్రత్యేకం: హఠాత్తుగా ఆగే చోట్లు. అందరూ ఆగిన ఆ అర సెకను నిశ్శబ్దంలో డ్రమ్మర్ హెడ్‌ఫోన్‌లోని క్లిక్ ఓవర్‌హెడ్‌లలో టిక్కుమంటూ పట్టుబడుతుంది. ఇన్‌ఇయర్‌లు పెట్టి వాటిపైన ఫ్యాక్టరీల్లో వాడే చెవి మఫ్‌లు వేయించాం, ఆగే చోట క్లిక్ వాల్యూమ్ కూడా తగ్గించాం.

గిటార్లు డ్రాప్ బి ట్యూనింగ్‌లో (మామూలు శ్రుతి కన్నా బాగా కింద), 25.5 అంగుళాల స్కేల్ (తీగ పొడవు) మీద 12–60 మందం తీగలు. మందపాటి తీగని గట్టిగా మీటితే మొదట శ్రుతి పైకెళ్లి తర్వాత దిగుతుంది. అందుకని మెల్లగా మీటి ట్యూన్ చేస్తే పనికిరాదు, పాటలో ఎంత గట్టిగా కొడతామో అంతే గట్టిగా కొట్టి ట్యూన్ చేయాలి, అదీ ప్రతి టేకుకి. మే నెల ఎండలో బండి మీద తెచ్చిన గిటారు ఏసీ గదిలో పెట్టగానే తీగలు బిగుసుకుని శ్రుతి పెరుగుతుంది. అరగంట ఆగాకే మొదలుపెట్టాలి.

యాంప్ లేకుండా డీఐ (గిటారు నుంచి నేరుగా వచ్చే సిగ్నల్) మాత్రమే తీసుకుని, టోన్ తర్వాత యాంప్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్ న్యూరల్ యాంప్ మోడలర్‌లో వేశాం, అదీ ఉచితమే. గెయిన్ మీకు కావాలనిపించినదానికన్నా తగ్గించండి. ఎక్కువైతే కార్డ్‌లో ఏ నోటు ఏదో తెలియదు. హమ్ వస్తే ముందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. పోయిందా, గ్రౌండ్ లూపో (ఎర్త్ దారి రెండు చోట్ల కలిసి చుట్టుకోవడం), సాకెట్‌లో ఎర్తింగ్ లేకపోవడమో. గ్రౌండ్ లిఫ్ట్ ఉన్న డీఐ బాక్స్ పెట్టండి, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ప్లగ్గుకి ఎర్త్ పిన్ను మాత్రం విరగ్గొట్టకండి, షాక్ కొడుతుంది. కరెంటు పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడుస్తుంటే ఆ జుయ్యిమనే మోత ఏం చేసినా పోదు. టీ తాగి రావడమే.

గొంతుకి ఎస్ఎం58 మైకు చేత్తో పట్టుకుని, నాలుగు వైపులా బొంతలు వేలాడదీసి. రోజుకి గంట దాటనివ్వలేదు. అరుపు వినిపించినంత పెద్దగా ఉండదు, గరుకుదనం గొంతులోంచి వస్తుంది. వాల్యూమ్ పెంచితే మర్నాడు మాట కూడా రాదు. తెలుగులో అరవడానికి ఒక చిక్కుంది. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. సాగదీసే చోట అది వరమే, నోరు తెరిచే ఉంటుంది. టకటకా తెగే రిఫ్ మీద మాత్రం చివరి ఉకారం వెనకబడి లయని లాగేస్తుంది. అక్కడ ద్విత్వాక్షరాలున్న మాటలు ఎంచుకున్నాం: తప్పు, కొట్టు, నిప్పు. ద్విత్వం సరిగ్గా స్నేర్ మీద పడితే చివరి అచ్చుని మింగేసినా ఎవరూ గమనించరు.

మిక్స్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. బేస్‌ని రెండుగా చీల్చి 200 హెర్ట్జ్ కింద శుభ్రంగా ఉంచి, పైదానికే డిస్టార్షన్ వేశాం. మాస్టర్ (చివరి ఫైలు) ట్రూ పీక్ మైనస్ 1 డెసిబెల్. స్పాటిఫై ఎలాగూ మైనస్ 14 లఫ్స్ (వినిపించే లౌడ్‌నెస్ కొలత) దగ్గరికి తెస్తుంది కాబట్టి ఆ నిశ్శబ్దాలని చంపుకుని లౌడ్ చేయలేదు.

అప్‌లోడ్‌కి కవర్ 3000 బై 3000 పిక్సెళ్లు, ప్రతి పాటకీ ఒక ఐఎస్ఆర్‌సీ (రికార్డింగ్‌ని గుర్తించే కోడ్). స్పాటిఫై ఎడిటర్లకి పంపాలంటే విడుదలకి ముందే పాట వాళ్ల దగ్గర ఉండాలి, కనీసం ఏడు రోజుల ముందు అయితే మంచిది. మేం నాలుగు వారాలు పెట్టుకున్నాం. పాటలు నేరుగా అమ్ముకునే సైట్ బ్యాండ్‌క్యాంప్ డిజిటల్ అమ్మకంలో 15 శాతం తీసుకుంటుంది. మూడో పాట ఫీడ్‌బ్యాక్‌తో ఆగకుండా నాలుగోదాంట్లోకి వెళ్తుంది, అందుకని ఆ రెండింటినీ ఒకే టైమ్‌లైన్ మీద మాస్టర్ చేసి, ఫేడ్ లేకుండా ఒకే శాంపిల్ దగ్గర కోసి వేవ్ ఫైళ్లే ఎక్కించాం. ఎంపీ3 చేస్తే ఫైలు మొదట్లో, చివర్లో ఖాళీ చేరి అతుకు దగ్గర ఎక్కిళ్లు వస్తాయి.