పది వోల్టులు అడిగితే ఆరు దగ్గర ఆగిన మాడ్యూల్: నా అనుభవం

అనలాగ్ వోల్టేజ్ ఔట్‌పుట్ మాడ్యూల్ (ప్రోగ్రామ్ ఇచ్చిన అంకెని వోల్టేజ్‌గా మార్చి పంపే పెట్టె) బిగించడం పెద్ద పనేమీ కాదు. అది పంపే వోల్టేజ్‌ని అవతలి పరికరం సరిగ్గా అందుకుంటోందని పదిమంది ముందు నిరూపించడమే అసలు పని. మా డ్రైయర్ లైన్‌లో ఆ పని నిన్న రాత్రికి పూర్తయింది. కోపం, ఊరట రెండూ ఇంకా తగ్గలేదు. ఈ అవస్థ ఇంకొకరు పడకూడదని ఇప్పుడే రాసేస్తున్నాను.

పాత లైన్‌లో బ్లోయర్ వేగాన్ని ఆపరేటర్ నాబ్ తిప్పి పెట్టేవాడు. ఆవిరి వాల్వ్‌ని చేత్తో తిప్పేవాళ్ళు. ఇప్పుడు రెండూ పీఎల్‌సీ (యంత్రాలని ప్రోగ్రామ్‌తో నడిపే కంప్యూటర్) నుంచే నడవాలి. అందుకని నాలుగు ఛానెళ్ళ ఔట్‌పుట్ మాడ్యూల్ ఒకటి, బ్లోయర్‌కి కొత్త డ్రైవ్ (మోటార్ వేగాన్ని మార్చే పరికరం) ఒకటి తెప్పించారు. మొదటి ఛానెల్ డ్రైవ్‌కి స్పీడ్ రెఫరెన్స్ (ఎంత వేగంతో తిరగాలో చెప్పే సిగ్నల్), రెండోది ఆవిరి వాల్వ్‌కి. రెండూ 0 నుంచి 10 వోల్టులు. మిగతా రెండు ఖాళీ.

బిగింపు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పవర్ తీసేసి, మాడ్యూల్‌ని ప్యానెల్‌లోని లోహపు పట్టీ మీద పక్క మాడ్యూల్‌కి ఆనించి, మాడ్యూళ్ళని కలిపే బస్ కనెక్టర్ నొక్కి, స్క్రూ బిగించాం. బస్ నుంచి వచ్చే కరెంట్ దాని లోపలి లాజిక్‌కే సరిపోతుంది. ఔట్‌పుట్‌కి బయటి నుంచి 24 వోల్టులు విడిగా ఇవ్వాలి. అది ఇవ్వకపోతే కాన్ఫిగరేషన్ అంతా సరిగ్గా ఉన్నా ఔట్‌పుట్ రాదు. ఇక్కడ కొనుగోలు విభాగం వాళ్ళ గురించి ఒక మాట. వైర్లు బిగించే ఫ్రంట్ కనెక్టర్‌ని చాలా మాడ్యూళ్ళకి విడిగా ఆర్డర్ చేయాలి. ఇండెంట్‌లో స్పష్టంగా రాసినా, "మాడ్యూల్ వచ్చిందిగా, ఇదెందుకు" అని ఆ లైన్ కొట్టేశారు. కనెక్టర్ లేని మాడ్యూల్‌ని ప్యానెల్‌లో పెట్టుకుని ఎదురుచూశాం. ఆ ఆలస్యం మాత్రం మా ఖాతాలో పడింది.

వైరింగ్‌లో గమనించాల్సింది ఒకటుంది. ఇలాంటి మాడ్యూళ్ళలో కొన్నిటికి వోల్టేజ్‌కి, కరెంట్‌కి వేర్వేరు టెర్మినళ్ళు ఉంటాయి. కొన్నిటిలో టెర్మినల్ ఒకటే, సాఫ్ట్‌వేర్‌లోనో చిన్న స్విచ్‌తోనో ఎంచుకోవాలి. మాది సాఫ్ట్‌వేర్‌లో ఎంచుకునే రకం. మా ఎలక్ట్రీషియన్ అన్న మెలి తిరిగిన షీల్డెడ్ కేబుల్ (చుట్టూ లోహపు కవచం ఉన్నది) తీసుకుని, ప్రతి కొసకి ఫెరూల్ అనే లోహపు తొడుగు నొక్కి, నంబర్ తొడిగి బిగించాడు. ఆయన చేతి వైరింగ్ చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. తర్వాత జరిగిన గొడవలో ఒక్క వైరు మీద కూడా ఎవరూ వేలు పెట్టలేకపోయారంటే ఆ పుణ్యం ఆయనదే.

కాన్ఫిగరేషన్ కూడా తేలికే. వాడే ఛానెళ్ళకి 0–10 వోల్టుల రేంజ్ పెట్టాను, వాడని వాటిని ఆపేశాను. స్కేలింగ్, అంటే ఎన్ని వోల్టులకి ఏ అంకె పంపాలన్నది, కంపెనీని బట్టి మారుతుంది. సిమెన్స్ పద్ధతిలో 10 వోల్టులకి 27648 పంపాలి, కాబట్టి 5 వోల్టులకి 13824. కొన్ని కంపెనీల మాడ్యూళ్ళలో పూర్తి రేంజ్‌కి 4000 పంపితే చాలు. మీ మాన్యువల్‌లో ఉన్న అంకె చూసుకోకుండా పాత ప్రాజెక్టు నుంచి కాపీ కొట్టకండి. మా దానికి 27648. వైర్లు తగిలించకముందే మల్టీమీటర్ పెట్టి 0, 25, 50, 75, 100 శాతాలు పంపి చూశాను. 0, 2.5, 5, 7.5, 10 వోల్టులు కచ్చితంగా వచ్చాయి. ఆ రీడింగులు కాగితం మీద రాసి ఎలక్ట్రీషియన్ అన్నతో సంతకం కూడా పెట్టించాను. ఆ కాగితమే తర్వాత నన్ను కాపాడింది.

డ్రైవ్‌ని అమ్మినవాళ్ళు అప్పటికే వచ్చి, దాని కీప్యాడ్ నుంచి మోటార్ తిప్పి చూపించి, "కమిషనింగ్ పూర్తి" అని సంతకం చేయించుకుని వెళ్ళిపోయారు.

ఇక అసలు బాధ ఇక్కడ మొదలైంది. వైర్లు తగిలించి స్క్రీన్‌లో 25 శాతం పెట్టాను. 100 శాతానికి 50 హెర్ట్జ్ కాబట్టి డ్రైవ్ 12.5 హెర్ట్జ్‌లో తిరగాలి. 25లో తిరుగుతోంది. 50 శాతం పెడితే పూర్తి 50 హెర్ట్జ్‌కి వెళ్ళిపోయింది. 60, 80, 100 ఏది పెట్టినా ఇక మార్పు లేదు. మాడ్యూల్ మీద పచ్చ లైటే వెలుగుతోంది, ఒక్క ఎర్ర లైటు లేదు. సాఫ్ట్‌వేర్‌లో ఏ అలారమూ లేదు.

మేనేజర్ గారు వెంటనే డ్రైవ్ అమ్మిన కంపెనీ ఇంజినీర్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు. చుట్టూ ఆపరేటర్లు, హెల్పర్లు, షిఫ్ట్ ఇన్‌చార్జ్ అందరూ ఉన్నారు. అవతలి ఇంజినీర్ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "డ్రైవ్‌లో పారామీటర్ 0–10 వోల్టులకే ఉంది సార్. సగం దగ్గరే ఫుల్ స్పీడ్ వస్తోందంటే ప్రోగ్రామ్‌లో స్కేలింగ్ రెట్టింపు రాశారు. పీఎల్‌సీ రాసినవాళ్ళకి స్కేలింగ్ తెలీకపోతే ఇలాగే ఉంటుంది. సగం చేయమనండి, అయిపోతుంది" అన్నాడు.

నేను రీడింగుల కాగితం చూపించి, "సార్, మాడ్యూల్ నుంచి సరిగ్గానే వస్తోంది, చూడండి" అన్నాను. "వాళ్ళు రోజూ చేసే పని ఇది. చెప్పినట్టు చెయ్యవయ్యా, లైన్ ఆగి ఉంది" అన్నారు మేనేజర్ గారు. అంతమంది ముందు ఆ మాట పడటం ఎంత కష్టమో ఈ పనిలో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. నా పని నాకు వచ్చు. ఎన్నో లైన్లు మొదటి రోజే నడిపించి అప్పగించిన చేతులు ఇవి.

ఆయన ఆదేశం కాబట్టి 27648ని 13824 చేశాను. అన్నీ చక్కగా కుదిరాయి! 25కి 12.5 హెర్ట్జ్, 50కి 25, 100కి 50. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. షిఫ్ట్ ఇన్‌చార్జ్ నా భుజం తట్టి, "ఏదో చిన్న తప్పులే, వదిలెయ్" అన్నాడు. ఆ ఓదార్పు తిట్టు కంటే ఎక్కువ గుచ్చుకుంది. లాగ్ బుక్‌లో మాత్రం ఇలా రాశాను: "స్కేలింగ్ సగానికి తగ్గించడం మేనేజర్ గారి ఆదేశం మేరకు. అసలు కారణం తెలియలేదు. మళ్ళీ పరీక్షించాలి."

ఎందుకు అంత పట్టుబట్టానంటే, రీడింగ్ సరిపోయిందని సమస్య తీరినట్టు కాదు. కొలిచి చూసిన 10 వోల్టులు అబద్ధం కాదు కదా. మరి సగం వోల్టేజ్‌కే డ్రైవ్ ఎందుకు నిండిపోతోంది? రేపు ఈ డ్రైవ్ పాడై ఇంకొకటి పెడితే, అది సరైనదైతే, బ్లోయర్ సగం వేగం దాటదు. ఆవిరి పూర్తిగా వస్తూ గాలి సగమే వస్తే డ్రైయర్‌లో ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కారణం తెలియకుండా అంకె మార్చి లైన్ నడపడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు.

లైన్ ఆగే సమయం వచ్చేదాకా ఆగి, ఎలక్ట్రీషియన్ అన్నని తోడు తీసుకుని మళ్ళీ ప్యానెల్ తెరిచాను. మొదట స్కేలింగ్ అసలు విలువకి తెచ్చి, వైరు తీసేసి 100 శాతం పంపాను. మీటర్‌లో 10 వోల్టులు. ఇప్పుడు వైరు తగిలించి అదే టెర్మినళ్ళ మీద కొలిచాను. 6 వోల్టులు. 75 శాతం పంపినా అదే 6. 50 శాతం పంపితే మాత్రం సరిగ్గా 5. ఆ మూడు అంకెలు చూడగానే సగం అర్థమైంది. ప్రోగ్రామ్ తప్పైతే వైరు తీసినప్పుడు కూడా తప్పే రావాలి. తగిలిస్తేనే పడిపోతోందంటే అవతల ఏదో మాడ్యూల్‌ని ఎక్కువగా లాగుతోంది.

వోల్టేజ్ ఔట్‌పుట్‌కి ఇది ప్రాణం లాంటి విషయం. మా మాడ్యూల్ మాన్యువల్‌లో "కనీస లోడ్ 1 కిలో ఓమ్" అని ఉంది, అంటే తగిలించే పరికరం రెసిస్టెన్స్ అంతకంటే తగ్గకూడదు. ఇలాంటివి ఎవరూ చదవరు. 10 వోల్టుల దగ్గర 1 కిలో ఓమ్ అంటే 10 మిల్లీ ఆంపియర్లు. అంతవరకే మాట ఇస్తోంది మాడ్యూల్. లోడ్ రెసిస్టెన్స్ అంతకంటే తగ్గితే కరెంట్ పెరుగుతుంది. ఒక హద్దుకి చేరాక మాడ్యూల్ తనని తాను కాపాడుకోవడానికి కరెంట్‌ని ఇంక పెరగనివ్వదు, దాంతో వోల్టేజ్ పెరగడం మానేస్తుంది.

డ్రైవ్ పవర్ తీసేశాం. దాని కవర్ మీద రాసినంత సేపు, లోపలి కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఆగాం. ఆ ఆగడం దగ్గర తొందరపడకండి, ప్రాణాల మీదికి వస్తుంది. తర్వాత రెండు సిగ్నల్ వైర్లూ విప్పి డ్రైవ్ ఇన్‌పుట్ టెర్మినళ్ళ మధ్య ఓమ్స్ కొలిచాం. 250 ఓమ్స్! వోల్టేజ్ ఇన్‌పుట్ అయితే కిలో ఓమ్స్‌లో ఉండాలి. 250 అంటే అది 20 మిల్లీ ఆంపియర్ల కరెంట్ ఇన్‌పుట్. ఇక లెక్క దానంతటదే కుదిరింది. 5 వోల్టుల్ని 250తో భాగిస్తే 20 మిల్లీ ఆంపియర్లు. డ్రైవ్‌కి అదే 100 శాతం. అందుకే సగం దగ్గరే ఫుల్ స్పీడ్. ఆపైన 24 మిల్లీ ఆంపియర్ల దగ్గర మాడ్యూల్ చేతులెత్తేస్తోంది. 24ని 250తో గుణిస్తే 6 వోల్టులు.

డ్రైవ్ ముందు మూత విప్పితే కంట్రోల్ టెర్మినళ్ళ పక్కనే గోరంత స్విచ్. వోల్టేజ్ వైపు ఉండాల్సింది కరెంట్ వైపు ఉంది. పారామీటర్‌లో 0–10 వోల్టులని ఉంటే చాలదు, ఈ డ్రైవ్‌లో ఆ స్విచ్ కూడా మార్చాలి. వచ్చినవాళ్ళు కీప్యాడ్ నుంచి తిప్పి చూశారే తప్ప అనలాగ్ ఇన్‌పుట్‌ని అసలు పరీక్షించనే లేదు. స్విచ్ మార్చి మూత వేశాం. ఇప్పుడు వైరు తగిలించి ఉండగా 100 శాతానికి 10 వోల్టులు, 50 హెర్ట్జ్. 50 శాతానికి 5 వోల్టులు, 25 హెర్ట్జ్. స్కేలింగ్ 27648.

మేనేజర్ గారిని పిలిచి, స్విచ్ అటూ ఇటూ మార్చినప్పుడు తీసుకున్న రెండు సెట్ల రీడింగులూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "లాగ్ బుక్‌లో రాయి" అన్నారు. రాశాను, పెద్ద అక్షరాలతో. డ్రైవ్ ఇంజినీర్‌కి ఫోటోలు పంపితే "ఓకే" అని మాత్రం జవాబిచ్చాడు. స్పీకర్‌లో అన్న మాటని స్పీకర్‌లోనే వెనక్కి తీసుకునే సంస్కారం ఉండాలి మనిషికి. సర్వీసుకి వచ్చేవాళ్ళు తమ పెట్టెలో తప్పేమైనా ఉందేమో చూసుకుని ఆ తర్వాత ఎదుటివాడి ప్రోగ్రామ్ మీద పడాలి. మీకు ఇలాంటి ఫోన్ వస్తే వాదించకండి, లోడ్ తగిలించి ఒకసారి, తీసేసి ఒకసారి కొలిచి ఆ రెండు అంకెలూ చెప్పండి.

ఇంకో చిన్న చికాకు మిగిలింది. సున్నా పంపినా డ్రైవ్ రెఫరెన్స్ కొద్దిగా ఊగుతోంది. కేబుల్ దారి వెతికితే, పాత ట్రేలో కొంత దూరం మోటార్ కేబుల్‌ని ఆనుకునే పోతోంది. దాన్ని వేరే ట్రేలోకి మార్చి, మోటార్ కేబుల్‌ని తప్పనిసరిగా దాటాల్సిన చోట అడ్డంగా దాటించాం. షీల్డ్‌ని ప్యానెల్ వైపు మాత్రమే ఎర్త్ చేశాం. ఊగడం పోయింది. షీల్డ్ రెండు వైపులా ఎర్త్ చేయాలనే డ్రైవ్ మాన్యువళ్ళూ ఉన్నాయి. రెండు చోట్లా ఎర్త్ ఒకే మట్టంలో ఉందని నమ్మకం ఉంటేనే అలా చేయండి, లేకపోతే షీల్డ్‌లోనే కరెంట్ పారుతుంది.

వాల్వ్ ఛానెల్ ఏ ఇబ్బందీ పెట్టలేదు.

చివరిగా పీఎల్‌సీ స్టాప్‌లోకి వెళ్తే ఔట్‌పుట్ ఏం చేయాలన్నది. చాలామంది దీన్ని ముట్టుకోకుండా వదిలేస్తారు. మా మాడ్యూల్‌లో ఛానెల్‌కి ఒక్కోలా పెట్టుకోవచ్చు: సున్నా చేయడం, చివరి విలువ నిలపడం, మనం చెప్పిన విలువ ఇవ్వడం. ఆవిరి వాల్వ్‌కి సున్నా పెట్టాను, బ్లోయర్‌కి చివరి విలువ. ఆవిరి ఆగినా గాలి ఆడుతూ ఉండాలి కాబట్టి. ఆ బ్లోయర్ రన్ సిగ్నల్ పీఎల్‌సీ మీద ఆధారపడకుండా విడిగా వస్తుంది, లేకపోతే రెఫరెన్స్ నిలిపి లాభం లేదు. పెట్టి ఊరుకోకుండా పీఎల్‌సీని నిజంగానే స్టాప్ చేసి రెండిటినీ కొలిచాను. 24 వోల్టులు పోతే మాత్రం ఏ సెట్టింగూ పనిచేయదు, రెండూ సున్నాకే వస్తాయి. అందుకే వాల్వ్ స్ప్రింగ్‌తో దానంతటదే మూసుకునే రకం అని ముందే తేల్చుకున్నాం.

0–10 వోల్టులకి ఉన్న పెద్ద లోపం, వైరు తెగినా అవతల సున్నాగానే కనిపిస్తుంది. 4–20 మిల్లీ ఆంపియర్లలో అయితే 4 కంటే తగ్గితే తెగిందని తెలిసిపోతుంది. కాబట్టి డ్రైవ్ నుంచి అసలు వేగాన్ని వెనక్కి తెచ్చి, పంపిన దానికీ వచ్చిన దానికీ తేడా కొన్ని సెకన్ల పాటు నిలిస్తే అలారం వచ్చేలా ప్రోగ్రామ్‌లో రాశాను. నిన్న రాత్రి సిగ్నల్ వైరు కావాలనే విప్పి చూశాం, అలారం మోగింది. మేనేజర్ గారు పక్కనే ఉన్నారు.